మాటకు 87 కిలోబిట్లు చాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఊరికి వెళ్లినా రాత్రి ఎనిమిది దాటాక అరుగుల మీద ఒకే మాట వినిపిస్తుంది: "ఏటి నాన్నా, ఇనబడ్డం లేదు. మళ్లీ సెప్పు." అవతల దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, గుజరాత్‌లోని వెరావల్ రేవులోనో కొడుకు ఉంటాడు. ఇంటర్నెట్ మీద నడిచే కాల్ అది. ఇవతల తల్లి ఫోన్‌ను చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకుంటుంది. మర్నాడు కేబుల్ ఆపరేటర్‌కు కబురు వెళ్తుంది. ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే: "నలభై ఎంబీపీఎస్ సరిపోదమ్మా, వందకి మార్చుకోండి." మారుస్తారు. బిల్లు పెరుగుతుంది. మాట మాత్రం మునుపటిలాగే ముక్కలు ముక్కలుగా వస్తుంది.

ఈ మందే తప్పు అంటాను. లెక్క చూడండి.

ఫోన్‌లో మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 8 బిట్లు. అంటే సెకనుకు 64,000 బిట్లు. ఈ పద్ధతి పేరు జీ.711, మన దేశంలో నడిచేది అందులో ఏ-లా రకం. ఈ ధారను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్కలో 160 బైట్ల మాట ఉంటుంది (8 బిట్లు ఒక బైటు). ఆ ముక్క ఊరికే ప్రయాణం చెయ్యదు, పార్సిల్ లాగా కట్టాలి. వరుస సంఖ్య, సమయం రాసిపెట్టే ఆర్‌టీపీకి 12 బైట్లు, యూడీపీకి 8, ఐపీ చిరునామాలకు 20, ఈథర్నెట్ తొడుగుకు 18. మొత్తం 218 బైట్ల ప్యాకెట్. సెకనుకు ఇలాంటివి 50. గుణిస్తే సెకనుకు 87.2 కిలోబిట్లు. రెండు వైపులా కలిపి గంటసేపు మాట్లాడినా 78 ఎంబీ చిల్లరే ఖర్చు. చాలా కాలింగ్ యాప్‌లు వాడే ఓపస్ కోడెక్ (మాటను కుదించి పంపే పద్ధతి) ఇంకా పొదుపరి. 2012లో ప్రమాణంగా వచ్చిన ఈ కోడెక్ 6 కిలోబిట్ల దగ్గర కూడా మాటను లాక్కొస్తుంది.

నలభై ఎంబీపీఎస్ లైన్‌లో, అంటే సెకనుకు 40,000 కిలోబిట్లలో, జీ.711 కాల్స్ నాలుగు వందల యాభై పడతాయి. ఇంట్లో మాట్లాడేది ఒక్కరు. వందకు పెంచితే పదకొండు వందలకు పైగా పడతాయి. మరి ఆ ఒక్కటీ ఎందుకు తెగుతోంది?

సినిమా చూసేటప్పుడు ఫోన్ ముందుగానే అర నిమిషం బొమ్మను దింపి దాచుకుంటుంది. మధ్యలో లైన్ రెండు సెకన్లు తడబడినా మనకు తెలియదు. మాటకు ఆ వీలు లేదు. అవతలి మనిషి ఇంకా అనని మాటను ముందే దింపుకోలేం కదా. ప్రతి 20 మిల్లీసెకన్లకూ ఒక ప్యాకెట్ వచ్చి తీరాలి. ఆలస్యంగా వచ్చినదాన్ని ఫోన్ పారేస్తుంది. దాని వంతు దాటిపోయింది కాబట్టి వచ్చినా రానట్టే. వెనకాముందు వచ్చేవాటిని సర్దడానికి ఫోన్‌లో ఒక చిన్న నిల్వ ఉంటుంది, జిట్టర్ బఫర్ అంటారు. సాధారణంగా 40 నుంచి 60 మిల్లీసెకన్లు. ఆ గడువులోపు రానిది చెవికి చేరదు.

గడువు ఎందుకంత చిన్నది? అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ వారి జీ.114 సిఫారసు ప్రకారం నోటి నుంచి చెవికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ సహజంగా సాగుతుంది. దాటిన కొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. చాలామంది దూరాన్ని నిందిస్తారు. దూరం పాపం అమాయకురాలు. ఫైబర్‌లో కాంతి వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు సుమారు నాలుగు. దుబాయ్‌కు కేబుల్ ఎన్ని వంకరలు తిరిగినా ఇంకా బోలెడు గడువు మిగులుతుంది. చెవిలో పెట్టుకున్న బ్లూటూత్ ముక్క ఒక్కటే పదుల మిల్లీసెకన్లు, ఒక్కోసారి వంద పైన కూడా తినేస్తుంది. అరేబియా సముద్రం దాటడానికి పట్టే కాలం కన్నా జేబులో ఫోన్ నుంచి చెవి దాకా పట్టేదే ఎక్కువ. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

అసలు దొంగ క్యూలో ఉన్నాడు. అదీ ఇంటి నుంచి బయటికి వెళ్లే దారిలో, అంటే అప్‌లోడ్‌లో. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర దుకాణం ఒకటి ఊహించుకోండి. నాలుగు సీసీ కెమెరాలు, ఒక్కోటీ సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున బొమ్మను క్లౌడ్‌కు తోస్తున్నాయి. మొత్తం 8. గల్లాపెట్టె దగ్గర ఫోన్ అప్పుడే వైఫై అందుకుని పెళ్లి ఫొటోలన్నీ బ్యాకప్ చెయ్యడం మొదలెట్టింది. లైన్ డౌన్‌లోడ్ 50 ఎంబీపీఎస్ అని బోర్డు మీద రాశారు, అప్‌లోడ్ ఎంతో ఎక్కడా రాయలేదు. పది అనుకుందాం. పది నిండగానే మిగిలింది రూటర్ పొట్టలో పేరుకుంటుంది. అక్కడ 1 మెగాబైట్ పేరుకుందంటే 80 లక్షల బిట్లు. పది ఎంబీపీఎస్‌లో అది ఖాళీ కావడానికి 0.8 సెకను. నాగావళి వంతెన మీద ఇసుక లారీల వెనక ఇరుక్కున్న సైకిల్‌లా మన 218 బైట్ల ప్యాకెట్ ఆ వెనక నిలబడుతుంది. గడువు 60 మిల్లీసెకన్లు, వెయిటింగు 800. అవతలివాడికి మన మాట వినబడదు. మనకు మాత్రం అవతలి మాట శుభ్రంగా వినిపిస్తుంది, ఎందుకంటే డౌన్‌లోడ్ దారి ఖాళీయే. అందుకే "నాకు బాగానే ఇనబడతంది, నీ ఫోనే బాలేదు" అని ఇద్దరూ తగువులాడుకుంటారు. వినబడనివాడి లైన్ సాధారణంగా బాగానే ఉంటుంది, జబ్బు మాట్లాడేవాడి ఇంట్లో ఉంటుంది. ఇది గుర్తుంటే సగం తగువులు తీరతాయి.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ల్యాప్‌టాప్‌లో నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి, ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెప్పే పింగ్ ఆదేశంతో మొదట రూటర్ చిరునామాకు, ఎక్కువ ఇళ్లలో 192.168.1.1, ఓ వంద సార్లు పింగ్ కొట్టండి. తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు వంద సార్లు. మూడోసారి, ఒక పెద్ద వీడియోను డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ మళ్లీ 8.8.8.8కు. సగటు చూడకండి, అది మోసం చేస్తుంది. గరిష్ఠం చూడండి, ఎన్ని పోయాయో చూడండి. రూటర్‌కు కొట్టినప్పుడే అంకెలు రెండు నుంచి 150కి ఎగిరిపడుతుంటే జబ్బు వైఫైలో ఉంది, ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. మొదటిది నిలకడగా ఉండి రెండోది ఎగిరితే లైన్‌ది. మొదటి రెండూ బాగుండి మూడోసారి మాత్రమే వందలు దాటితే ఇందాకటి లారీల క్యూ.

క్యూకు మందు: రూటర్‌లో ఏ ప్యాకెట్ ముందు పోవాలో సర్దే క్యూఓఎస్ గానీ ఎస్‌క్యూఎం గానీ ఉంటే అప్‌లోడ్ పరిమితిని కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతానికి కట్టెయ్యాలి. పది ఉంటే ఎనిమిదిన్నర అని రాయాలి. వేగం తగ్గించుకుంటే మాట బాగుపడుతుందంటే ఎవరూ నమ్మరు, కానీ అదే నిజం: క్యూ మన చేతిలో ఉన్న రూటర్‌లో కట్టబడుతుంది, అక్కడ మాటను ముందుకు పంపడం మన ఇష్టం. ఆపరేటర్ ఇచ్చే చవక పెట్టెల్లో చాలావాటికి ఈ సదుపాయం ఉండదు. అప్పుడు మొరటు మందే: కెమెరాలను దుకాణంలోనే ఉన్న రికార్డర్‌కు కట్టి, ఫొటోల బ్యాకప్‌ను రాత్రి ఛార్జింగ్ పెట్టినప్పటికి మార్చుకోవడం.

వైఫై గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. రూటర్‌ను టీవీ కింద అరలో దాచకండి, ఐదారు అడుగుల ఎత్తులో పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లలో ఏది ఖాళీగా ఉంటే అది. ఫోన్ ఉన్న గదిలోనే రూటర్ ఉంటే 5 గిగాహెర్ట్జ్.

ఇక దుకాణాల్లో, క్లినిక్‌లలో, పలాస జీడిపప్పు ఆఫీసుల్లో బల్ల మీద పెట్టుకునే ఐపీ ఫోన్ల సంగతి వేరు. అవి సిప్ అనే పద్ధతిలో మాట్లాడతాయి. వాటి జబ్బులు గడియారం చూసి చెప్పవచ్చు, అదే నాకు వాటిలో నచ్చే సంగతి.

కాల్ ఎలా కలుస్తుందో ముందు చూద్దాం. ఫోన్ సర్వర్‌కు ఇన్వైట్ అనే చీటీ పంపుతుంది, మామూలుగా 5060 పోర్ట్‌లో (పోర్ట్ అంటే ఒకే చిరునామాలో తలుపు నంబరు లాంటిది). "చూస్తున్నా" అని 100, "మోగుతోంది" అని 180, "ఎత్తారు" అని 200 జవాబులు వస్తాయి. చివరగా మన ఫోన్ "అందింది" అని ఆక్ పంపాలి. ఇవన్నీ పిలుపు చీటీలు మాత్రమే. మాట నడిచేది వేరే పోర్ట్‌లలో, వేరే దారిలో. ఏ చిరునామాకు, ఏ పోర్ట్‌కు మాట పంపాలో ఇన్వైట్ లోపల రాసి ఉంటుంది. ఇల్లు దాటితే పనికిరాని 192.168 చిరునామాను ఫోన్ అక్కడ రాసేస్తే? కవరు మీద "మా ఇల్లు, మా వీధి" అని రాసినట్టు. చీటీ చేరుతుంది, ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు. ఒక వైపే వినిపిస్తుంది, ఇంకో వైపు నిశ్శబ్దం.

కాల్ కలిసిన సరిగ్గా 32 సెకన్లకు తెగుతోందా? అప్పుడు ఆక్ తప్పిపోయింది. ఎత్తిన వైపు 200 జవాబును అర సెకను, ఒకటి, రెండు, నాలుగు సెకన్ల వ్యవధుల్లో మళ్లీ మళ్లీ పంపి, 32 సెకన్లు ఎదురుచూసి, జవాబు రాకపోతే కాల్ ముగిస్తుంది. అర సెకనుకు 64 రెట్లు. సిప్ ప్రమాణంలో రాసిన అంకె ఇది, 2002 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3261 అనే పత్రంలో. దీనికి లైన్‌మ్యాన్‌ను పిలిపించి ఫైబర్ మార్పించడం దండగ. బయటికి కాల్స్ వెళ్తున్నాయి, లోపలికి మాత్రం కాసేపయ్యాక మోగడం మానేస్తున్నాయంటే రూటర్ ఆ ఫోన్ కోసం తెరిచి ఉంచిన కన్నాన్ని మూసేసిందన్నమాట. యూడీపీ కన్నాలను చాలా రూటర్లు ఒకటి రెండు నిమిషాలకు, కొన్ని అర నిమిషానికే మూసేస్తాయి. ఫోన్ సెట్టింగుల్లో కీప్ అలైవ్‌ను 20 నుంచి 25 సెకన్లకు పెడితే కన్నం తెరిచే ఉంటుంది. పావుగంటకు కచ్చితంగా తెగితే సెషన్ టైమర్: గడువు 1800 సెకన్లు, సగం దగ్గర అంటే 15 నిమిషాలకు పలకరింపు పోవాలి, అది పోవడం లేదు.

వీటిలో ఎక్కువ పాపం రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే పెట్టె టిక్ చేసి ఉండటం వల్ల వస్తుంది. సాయం చేద్దామని చీటీల్లోని చిరునామాలను అది దిద్దుతుంది, సగం దిద్ది సగం వదిలేస్తుంది. మొదటి పనిగా దాన్ని ఆపండి. తర్వాత రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ చిరునామా, అంటే రూటర్‌కు బయటి వైపు ఉన్న చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆపరేటర్ చాలా ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక కుక్కాడన్నమాట. అప్పుడు మీ రూటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా ఉపయోగం ఉండదు. స్టాటిక్ ఐపీ కొనాలి, లేదా మాటను తన గుండా తిప్పే సర్వర్ ఉన్న సర్వీసు తీసుకోవాలి. వాట్సాప్‌కు ఈ బాధలు కనబడకపోవడానికి కారణం అదే: నేరు దారి దొరక్కపోతే తన రిలే సర్వర్ గుండా తిప్పేస్తుంది.

ఒక హెచ్చరిక. 5060 పోర్ట్ బయటికి తెరిచి, ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ 101 అని పెడితే, రాత్రికి రాత్రి ఎవరో మీ లైన్ మీద విదేశాలకు కాల్స్ చేస్తారు. బిల్లు మీది. అక్కర్లేకపోతే ఐఎస్‌డీ ముందే మూయించండి.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ సర్దుకోదగ్గవి. మన జిల్లాల్లో సర్దుకోనిది ఒకటుంది, అది కరెంటు.

పాత ల్యాండ్‌లైన్ రాగి తీగల జంట. ఫోన్‌కు కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజ్‌లోని బ్యాటరీల నుంచే వచ్చేవి. ఇంట్లో కరెంటు పోయినా డయల్ టోన్ ఉండేది. ఇప్పుడు ఇంట్లో కనబడే ల్యాండ్‌లైన్, ముందు అదే 08942 గానీ 08922 గానీ ఉన్నా, లోపల చాలావరకు ఇంటర్నెట్ ఫోనే. ఫైబర్ వచ్చి ఓఎన్‌టీ పెట్టెలో ఆగుతుంది, పెట్టె వెనక చిన్న రంధ్రంలో ఫోన్ తీగ గుచ్చుతారు, పెట్టె మన మాటను సిప్‌లోకి మారుస్తుంది. పెట్టెకు కరెంటు లేకపోతే ఫోన్ ప్లాస్టిక్ బొమ్మ. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్ గ్రిడ్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఇస్తానంది. మంచి పనే. కానీ ఆ ఫైబర్ నడిచేది కరెంటు స్తంభాల మీద. స్తంభం పడితే కరెంటూ, ఫోనూ ఒకే దెబ్బకు పోతాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జరిగింది ఇదే. కొబ్బరి, జీడి తోటలతో పాటు స్తంభాలు వరుసగా ఒరిగాయి. కరెంటు రోజుల తరబడి రాలేదు. సెల్ టవర్‌కు బ్యాటరీ కొన్ని గంటలు, తర్వాత డీజిల్ జనరేటర్. చెట్లు పడి దారులు మూసుకుపోతే డీజిల్ ఎవరు తెస్తారు? అందుకే ఇక్కడ ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకునేవారు ప్లాన్ మీద పెట్టే అదనపు డబ్బును బ్యాటరీ మీద పెట్టాలంటాను.

కొనేటప్పుడు మోసపోకండి. ఓఎన్‌టీకి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. దానికోసం అమ్మే చిన్న యూపీఎస్ మీద 7,800 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె లోపలి లిథియం సెల్స్‌ది, 3.7 వోల్టుల దగ్గర. 7.8ను 3.7తో గుణిస్తే 29 వాట్-అవర్లు. 12 వోల్టులకు పెంచడంలో కొంత పోతుంది, 24 మిగిలిందనుకోండి. పెట్టె 8 వాట్లు తాగితే మూడు గంటలు. డబ్బా మీద "ఎనిమిది గంటలు" అని ఉంటే అది 3 వాట్ల పెట్టెకు చెప్పిన లెక్క. మీ అడాప్టర్ మీద ఉన్న ఆంపియర్లు చూడండి, పిన్ను లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లా 2.5 మిల్లీమీటర్లా అని కొలుచుకుని వెళ్లండి. లూజుగా ఉంటే గాలి తగిలినా పెట్టె రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టర్ ఉంది కదా అనుకునేవారికి ఒక మాట: వెనక యూపీఎస్, ఎకో అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు ఉంచండి. ఎకోలో మారే ఆ కొద్ది మిల్లీసెకన్లకు లైట్లు ఆరకపోయినా పెట్టె పడిపోవచ్చు. అది లేచి మళ్లీ రిజిస్టర్ కావడానికి ఒకటి రెండు నిమిషాలు.

పెట్టె వెలుగుతోంది, దాని మీద ఎల్ఓఎస్ అని రాసిన దీపం ఎర్రగా ఉంది అంటే కాంతి రావడం లేదు. లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు పవర్ మీటర్ చూపించమని అడగండి. జీపాన్ రకం ఓఎన్‌టీ పెట్టెకు అందే కాంతి బలం సాధారణంగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 26 దగ్గర వేలాడుతుంటే వర్షాకాలంలో పోయే ప్రమాదం ఉంది. ప్రతి 3 డీబీకి కాంతి సగమవుతుంది. కిటికీ ఊచకు తీగను బిగించి ముడేసినచోట, తలుపు సందులో నలిగినచోట ముందు వెతకమనండి.

గల్ఫ్ కుటుంబాలకు ఇంకో సంగతి. యూఏఈలో వాట్సాప్ వాయిస్ కాల్స్ మామూలుగా పని చెయ్యవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లే దారి. మెసేజ్ వెళ్తుంది, ఫొటో వెళ్తుంది, కాల్ మాత్రం కలవదు. ఇక్కడ తల్లి ప్లాన్ మార్చి ఏం లాభం?

మన ఊళ్లో మాత్రం స్లాబ్ ఇంట్లో సిగ్నల్ అందనివారు వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు. సిమ్ నంబరే, మామూలు డయలరే, దారి మాత్రం ఇంటి వైఫై. దీనికి రూటర్‌లో యూడీపీ 500, 4500 పోర్ట్‌లు మూసి ఉండకూడదు. యాప్ కాల్‌కు లేని గుణం దీనికి ఒకటుంది, మామూలు నంబర్లన్నిటికీ కలుస్తుంది. వాట్సాప్‌లోంచి 108కో 112కో చెయ్యలేం. పెద్దవాళ్ల ఫోన్‌లో వాట్సాప్ ఒక్కటే నేర్పి ఊరుకునే పిల్లలు ఇది గమనించాలి; డయలర్‌లో పచ్చ గుర్తు ఎక్కడుందో కూడా చూపించాలి.

తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం విదేశంలో ఉన్నవాళ్లకు రెండు సంగతులు చెప్పి పెట్టాలి. ఒకటి, డేటా పోయినా సిమ్ మీద మామూలు కాల్, అదీ కాకపోతే ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంటుంది. ఎస్సెమ్మెస్ నెట్‌వర్క్‌లో దాగి ఉండి, ఫోన్ దొరకగానే చేరుతుంది. రెండు, వాట్సాప్‌లో చేసినప్పుడు తెర మీద "కాలింగ్" అనే ఉండిపోతే ఫోన్ ఇక్కడికి చేరనే లేదని అర్థం. "రింగింగ్" అని మారితేనే ఇంట్లో మోగుతున్నట్టు. అవతల కూర్చుని అమ్మ ఎత్తడం లేదేంటని కంగారు పడేవాడు ఆ ఒక్క పదం మారిందో లేదో చూసుకోవాలి.